ఎత్తు లేని ఊళ్ళో గేర్లు బిగించడం

గల్ఫ్‌లో సైకిల్ షాపు పని కుదిరిందని మా వైపు కుర్రాడెవడైనా చెప్పడానికి వస్తే, నేను మొదట అడిగేది ఒకటే. "ఎప్పుడైనా సైకిల్ మీద కొండెక్కావా నాన్నా?" అంటాను. వాడు తెల్లమొహం వేస్తాడు. వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, ఎలాంటివాడు, గదిలో ఎంతమంది ఉంటారు, ఎండ ఎలా ఉంటుంది, ఇలాంటివి మాట్లాడతానని వచ్చి ఉంటాడు పాపం. కోనసీమ కుర్రాడికి కొండ ఎక్కడిది? కాలవ గట్టెక్కి అవతలికి దిగితే అదే మాకు పెద్ద ఎత్తు.

నేనూ ఎక్కలేదు. పని నేర్చుకున్నది కొత్తపేటలో, చేసింది కువైట్‌లో. రెండూ చాప పరిచినంత చదును. మధ్యలో విమానం తప్ప నేను ఎక్కింది ఏమీ లేదు. అయినా ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న అసలు సంగతంతా ఎత్తు ఎక్కడం గురించే. అది నాకు నేర్పినవాళ్ళు ఇద్దరు. ఒకరు మా షాపులో పెద్ద మెకానిక్ నెస్టర్, ఫిలిప్పీన్స్ వాడు. రెండోవారు మిష్రిఫ్‌లో ఒక విల్లాలో వంట చేసే ఓబులమ్మ, కడప జిల్లా మనిషి. జీతాలూ, ఇఖామాలనే అక్కడి ఉండనిచ్చే కాగితాలూ, ఎవరికి ఎప్పుడు పెరిగింది, ఎవరికి పెరగలేదు, ఇవన్నీ నేను రాయను. అవి అందరికీ ఒకలాగే ఉంటాయి, అందరూ ఒకలాగే ఏడుస్తారు.

సుత్తి అలవాటు

మా వైపు సైకిళ్ళకు వెనక ఉండేది ఫ్రీవీలు. పళ్ళబిళ్ళ, లోపలి బాల్సు, టిక్‌టిక్‌మనే భాగం, అన్నీ కలిసి ఒకటే ముద్ద. హబ్బుకు మర మీద బిగుస్తుంది. తొక్కే కొద్దీ ఇంకా బిగుసుకుపోతుంది. దాన్ని ఊడదీయాలంటే ఉలి ఆనించి సుత్తితో ఒకటి వెయ్యాలి. మాకదే చదువు. కువైట్‌కు వెళ్ళిన కొత్తలో సులైబియా గోడౌన్ల దగ్గర ఒక యార్డులో చేశాను. అక్కడ కూలీలు తొక్కే బరువు సైకిళ్ళకూ ఫ్రీవీలే కాబట్టి నా సుత్తికి ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత సబా అల్ సలేంలో రేసు సైకిళ్ళ షాపుకు మారాక గాని, నాకు తెలిసింది ఎంత తక్కువో తెలియలేదు.

గేర్ల సైకిల్‌కు వెనక ఉండేది క్యాసెట్. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా పళ్ళబిళ్ళల దొంతర అది. టిక్‌టిక్‌మనే భాగం చక్రం హబ్బులోనే ఉండిపోతుంది. దాని పైన నిలువుగా గాళ్ళు ఉంటాయి. బిళ్ళల దొంతరను ఆ గాళ్ళలోకి జార్చి, చివర ఒక మూత బిగించాలి. అన్ని గాళ్ళలోనూ ఒకటి మాత్రం సన్నగా ఉంటుంది. బిళ్ళకు లోపల ఉన్న సన్న పన్ను ఆ గాడిలో పడితేనే బిళ్ళ దిగుతుంది. తప్పుగా పెడదామన్నా పెట్టలేం. ఇది కనిపెట్టినవాడెవడో నాకు తెలియదు గాని, చూసిన మొదటి రోజే వాడికి మనసులో ఒక దండం పెట్టుకున్నాను. మనలాంటి తొందరపాటు మనుషుల్ని బాగా ఎరిగినవాడు.

మన దేశం నుంచి వెళ్ళే మెకానిక్కులు అక్కడ చేసే మొదటి తప్పు సుత్తి ఎత్తడం. మా షాపులో ఒకతను చేరాడు, మంచి పనివాడు, అమలాపురంలో సొంత దుకాణం నడిపినవాడు. మొదటి వారంలోనే క్యాసెట్ మూతకు ఉలి ఆనించి సుత్తి లేపాడు. నెస్టర్ అరవలేదు, లాక్కోలేదు. వచ్చి ఉలికీ సుత్తికీ మధ్య తన అరచెయ్యి పెట్టాడు. అమలాపురం అతను లేపిన చెయ్యి లేపినట్టే ఉండిపోయాడు.

"ఇది మర కాదు భాయ్, తాళం," అన్నాడు నెస్టర్ తన సగం హిందీలో. "తాళంచెవి ఉండగా తలుపెందుకు పగలగొడతావు?"

ఆ తర్వాత రెండు పనిముట్లు తెచ్చి చూపించాడు. ఒకటి గొలుసు ముక్క బిగించిన ఇనప కడ్డీ, అది బిళ్ళలు తిరగకుండా పట్టుకుంటుంది. రెండోది మూత గాళ్ళలో కూర్చునే చిన్న పానా. ఒక చేత్తో పట్టు, ఒక చేత్తో తిప్పు. టప్‌మని మూత వదిలింది. అమలాపురం అతను ఆ రోజు మధ్యాహ్నం తన ఉలిని మూటగట్టి పెట్టె అడుగున పెట్టేశాడు. నెస్టర్ ఆ విషయం మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. మాకు నచ్చింది అదే. పని నేర్పేవాళ్ళు చాలామంది ఉంటారు, నేర్పాక దెప్పకుండా ఉండేవాళ్ళు అరుదు.

చక్రం మారితే ఏం మారుతుంది

కస్టమర్లు చాలామంది ఒక చక్రం మీది క్యాసెట్‌ను ఇంకో చక్రం మీదికి మార్చడమంటే చొక్కా మార్చుకోవడం అనుకుంటారు. తిడితే లాభం లేదు, చూడ్డానికి అలాగే ఉంటుంది. కానీ రెండు చక్రాలు ఒక్కలా ఉండవు. ఒక హబ్బు మీద బిళ్ళలు కూర్చునే చోటు కాస్త పొడుగు, ఇంకోదాని మీద కాస్త పొట్టి. తేడా గోరంత కూడా ఉండదు. కానీ చైనును ఒక బిళ్ళ మీంచి ఇంకో బిళ్ళ మీదికి నెట్టే చిన్న చెయ్యి ఒకటి ఉంటుంది చూశారూ, డీరేలర్ అంటారు దాన్ని, దానికి ఆ గోరంతే ఊరంత. అది లోపలి వైపు ఎక్కడిదాకా రావాలో ఒక చిన్న మరమేకు చెబుతుంది. ఆ మేకు సరిగా లేకపోతే చెయ్యి వెళ్ళి చక్రం పుల్లల్లో, అంటే స్పోకుల్లో, ఇరుక్కుంటుంది. పుల్లలు పటపటా తెగుతాయి, చక్రం ఆగుతుంది, మనిషి ఎగిరి పడతాడు.

ఇది ఎప్పుడు జరుగుతుందంటే, అన్నిటికంటే పెద్ద బిళ్ళ మీదికి చైను ఎక్కినప్పుడు. అది పుల్లలకు అతి దగ్గరగా ఉండే బిళ్ళ. దాన్ని వాడేది కొండ ఎక్కేటప్పుడే. కువైట్‌లో కొండ ఎక్కడుంది? ఫ్లైఓవర్ ఎక్కడానికి మధ్య బిళ్ళ చాలు. అరిగిపోయిన క్యాసెట్లు ఎన్ని విప్పానో లెక్కలేదు. మధ్య బిళ్ళల పళ్ళు రంపంలా అరిగి ఉండేవి, పెద్ద బిళ్ళ మాత్రం డబ్బాలోంచి అప్పుడే తీసినట్టు మెరుస్తూ ఉండేది. అందుకని మేమందరం, అక్కడి షాపుల వాళ్ళందరం, ఆ చివరి బిళ్ళ విషయంలో బద్ధకించేవాళ్ళం. స్టాండు మీద ఒకసారి ఎక్కించి దించితే అయిపోయింది. మధ్యలో కొన్నాళ్ళు ఉన్న మేనేజరైతే అదీ వద్దనేవాడు. "చక్రం తిరుగుతోందా? యల్లా, పంపించెయ్," అనేవాడు. చెడ్డవాడు కాదు. ఎప్పుడూ సైకిల్ తొక్కని మనిషి, అంతే.

అలా ఉండగా మా దగ్గర చక్రం మార్పించుకున్న ఒక కస్టమర్ ఒమాన్ కొండలకు వెళ్ళాడు. డీరేలర్ పుల్లలకు చుట్టుకుపోయిన సైకిల్‌నూ, మోకాలికి కట్టునూ పట్టుకుని తిరిగొచ్చాడు. ఆయన గొడవ చేయలేదు. సైకిల్‌ను షాపు మధ్యలో పెట్టి, కుర్చీలో కూర్చుని, "కొండ మీద నాకు మీరందరూ గుర్తొచ్చారు," అన్నాడు.

ఎవరు బిగించారని మేనేజర్ ఆరా తీశాడు. నెస్టర్ మాత్రం ఆ మాటే అడగలేదు. మర్నాడు పొద్దున మమ్మల్నందరినీ షాపు వెనక ఉన్న పార్కింగ్ భవనానికి తీసుకెళ్ళాడు. కార్లు పై అంతస్తుకు చుట్టుకుంటూ ఎక్కే ర్యాంపు ఉంటుంది కదా, దాని అడుగున నిలబెట్టి, "ఇదిగో మన కొండ," అన్నాడు. ఆ రోజు నుంచి మా షాపులో ఒక పద్ధతి వచ్చింది. చక్రం గాని క్యాసెట్ గాని మార్చిన సైకిల్ ఏదైనా ఆ ర్యాంపు ఎక్కి దిగితేనే కస్టమర్ చేతికి వెళ్ళాలి. ఒకరు పెద్ద బిళ్ళ వేసి తొక్కాలి, ఇంకొకరు పక్కనే నడుస్తూ డీరేలర్‌కూ పుల్లలకూ మధ్య సందు చూడాలి. తొక్కేవాడికి తన వెనక ఏం జరుగుతోందో కనబడదు. స్టాండు మీద తగలనిది మనిషి బరువు పడ్డాక తగులుతుంది, చక్రం కాస్త వంగుతుంది కాబట్టి. మేనేజర్ నెత్తీనోరూ కొట్టుకున్నాడు, ఇలా అయితే రోజుకు ఎన్ని సైకిళ్ళు అవుతాయని. నెస్టర్ నవ్వుతూ ఇంకో సైకిల్‌ను ర్యాంపు వైపు నడిపించాడు. ఆ మేనేజర్ వెళ్ళిపోయాడు, పద్ధతి మిగిలింది.

ఓబులమ్మ తెచ్చిన చక్రం

నా ఉద్యోగం ముగింపుకు దగ్గర పడిన రోజులు. ఒక గురువారం మధ్యాహ్నం, ఎండకు రోడ్డు మీద పురుగు లేదు. నెస్టర్ సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళాడు. మిగతా ఇద్దరూ వ్యానులో డెలివరీకి వెళ్ళారు. షాపులో నేనూ, అద్దాల గదిలో మా యజమాని అబూ తలాలూ. ఒక పెద్ద కారు వచ్చి ఆగింది. డ్రైవర్ సైకిల్ దించుతుంటే, వెనక సీట్లోంచి ఒకావిడ దుప్పట్లో చుట్టిన చక్రాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దిగింది. తలకు గుడ్డ, మెడలో పసుపుతాడు. నన్ను ఎగాదిగా చూసి, "తెలుగా?" అంది.

"తెలుగేనండి. కోనసీమ."

"ఆ అండితోనే తెలిసెలే. మాది కడప పక్క. నా పేరు ఓబులమ్మ. అన్నా, ఈ సైకిలు ఎనక చక్రం పగిలింది. ఆ గేర్లు తీసి ఈ చక్రానికి ఎక్కించల్ల. రేపు పొద్దన్నే పాప ఇమానం ఎక్కుతాది."

పాపంటే ఆ ఇంటి అమ్మాయి, దానా. ఇరవై దాటిన పిల్ల, ఏదో ఆఫీసులో ఉద్యోగం. ఓబులమ్మకు ఆమె ఇంకా పాపే, ఎత్తుకుని పెంచింది కాబట్టి. ఒమాన్‌లో ఆడవాళ్ళకు కొండ మీద సైకిల్ పందెం పెట్టారట, దానికి వెళుతోంది. సాధనలో గుంతలో పడి రిమ్ము చీలింది. కొత్తది తెప్పించే వ్యవధి లేక స్నేహితురాలి చక్రం అడిగి తీసుకుంది. తను ఆఫీసు నుంచి వచ్చేసరికి షాపు మూసేస్తారని ఓబులమ్మను పంపింది.

"పందెం గెలవాలా ఏంటండీ?" అన్నాను, మాటవరసకు.

ఆమె చక్రాన్ని బల్ల మీద పెట్టి, దుప్పటి మడతపెడుతూ చెప్పింది. అక్కడ పనివాళ్ళకు మామా అంటే ఇంటి అమ్మగారు, బాబా అంటే అయ్యగారు. "గెలవను అని పాపే చెప్తాంది. అది గాదన్నా. పోయిన తూరి రోడ్డు మీద ఒక కారు రాసుకోని పోయినాది పాపని. అప్పట్నుంచి మామాకు సైకిలంటే వొణుకు. బాబా ఏమనె అంటే, పో, పొయ్యి ఎక్కు, మజ్జలో దిగి కారెక్కితివా, ఖలాస్, ఇంగ సైకిలు మాట ఈ ఇంట్లో ఇనపడగూడదు అనె. పాప ఏడ్చింది. నేను పొయ్యి మామాతో చెప్పినా. పాప ఎక్కుతాది, దిగదు, నాదీ పూచీ అని."

"మీదా పూచీ? మీకు సైకిలు తెలుసా?"

"పాప తెలుసు గదా," అంది.

ఇంకొకరి ఇంట్లో పనిచేస్తూ, ఆ ఇంటి పిల్ల మీద, ఆ పిల్ల తల్లిదండ్రులకే పూచీ ఇచ్చిన మనిషి. ఆ చీలిన రిమ్మును చేతిలోకి తీసుకుంటే మామూలు కంటే బరువనిపించింది.

సన్నటి రింగు

పగిలిన చక్రం మీంచి క్యాసెట్ విప్పాను. బిళ్ళలను ఒక్కొక్కటే తుడిచి, వరస తప్పకుండా బల్ల మీద పేర్చాను. కొండలకని ఎంచుకున్న క్యాసెట్ అది, పెద్ద బిళ్ళ పళ్ళెమంత ఉంది. సన్న గాడి చూసుకుని, స్నేహితురాలి చక్రం మీదికి ఒక్కొక్కటే జార్చి, మూత బిగించాను. మూత గట్టిగా పట్టింది. బిళ్ళలను చేత్తో పట్టి కదిపితే టకటకా ఆడాయి.

"ఏంది అన్నా, మొగం అట్ల పెట్టినావు?"

"డబ్బా పెద్దదండి, సరుకు తక్కువ. మూత బిగిసినా లోపల సరుకు కదులుతోంది. అడుగున ఒక సన్న రింగు పడాలి. చక్రం కొన్నప్పుడు ఇస్తారు దాన్ని. మీ పాప స్నేహితురాలు ఎక్కడో పారేసి ఉంటుంది."

"ఇంకోటి ఎయ్యి."

అదే లేదు. సొరుగులన్నీ గాలించాను. రింగులు ఉన్నాయి, మందం తేడా. ఇక్కడ కొత్తవాళ్ళకు ఒక మాట. అలాంటప్పుడు చేతికి దొరికిన వాషర్ వేద్దామనిపిస్తుంది. లేకపోతే సన్న రింగులు రెండు కలిపి, పెద్ద బిళ్ళ అడుగున వెయ్యాల్సింది పైన మూత కింద వేద్దామనిపిస్తుంది. వేస్తే బిళ్ళలు ఆడవు, స్టాండు మీద సొగసుగా తిరుగుతాయి, కస్టమర్ సంతోషంగా తీసుకెళతాడు. కానీ మొత్తం దొంతర ఆ మేర పుల్లల వైపు జరిగి కూర్చుంటుంది. చదును నేల మీద జన్మంతా ఏమీ కాదు. కొండ మీద అవుతుంది.

సామాను ఇచ్చే దుకాణాలు ఆ వేళకు మూసేశారు. తెరిచేది శనివారమే. అద్దాల గదిలోంచి అబూ తలాల్ నా తిరుగుడంతా చూస్తున్నాడు. బయటికి వచ్చి ఏమిటని అడిగాడు. చెప్పాను. ఆయన గోడకు తగిలించిన సైకిల్ వైపు చెయ్యి చూపించాడు. అది ఆయన సొంతం. ప్రతి శుక్రవారం తెల్లారుతూనే స్నేహితులతో సముద్రం పక్కన దాని మీద వెళ్ళడం ఆయనకున్న ఒకే ఒక్క సరదా. దానికీ కొత్తరకం చక్రం మీద పాత క్యాసెటే. అడుగున మాకు కావలసిన రింగే ఉంది.

"విప్పు," అన్నాడు.

"రేపు శుక్రవారం కదా బాబా, మీ రైడు?"

"నేను తొక్కేది చదును మీద. ఒక శుక్రవారం నడుస్తాను. కొండెక్కేవాళ్ళకు ఇవ్వు."

ఎవరి పిల్ల, ఏ ఇల్లు, ఏ కుటుంబం అని అడగలేదు. గదిలోకి వెళ్ళి చాయ్ తాగడం మొదలుపెట్టాడు. యజమానులను తిట్టుకోవడం మనకు బాగా అలవాటు. తిట్టదగ్గవాళ్ళూ ఉన్నారు, కాదనను. కాని ఇలాంటివాళ్ళను చూసినప్పుడు చూశామని చెప్పుకోవాలి కదా.

ర్యాంపు మీద

రింగు అడుగున వేసి, బిళ్ళలన్నీ జార్చి, మూత బిగించాను. పట్టి కదిపితే కొండలా ఉన్నాయి. సైకిల్‌కు చక్రం ఎక్కించి, బ్రేకులు సరిచేసి, స్టాండు మీద గేర్లు పైకీ కిందికీ మార్చి చూశాను. పెద్ద బిళ్ళ మీదికి చైను వెన్నలా ఎక్కింది. ఓబులమ్మ దుప్పటి పట్టుకుని లేచింది.

"కూర్చోండి అమ్మా. ఇంకా కాలేదు. ర్యాంపు ఎక్కించాలి, దానికి రెండో మనిషి కావాలి. మావాళ్ళు వచ్చేదాకా ఆగాలి."

"నేను మనిషిని గాదా?"

నవ్వొచ్చింది గాని, ఆమె నవ్వడంలేదు. సరే పదండి అన్నాను. పార్కింగ్ భవనం లోపల ఎండ లేదన్నమాటే గాని, పొయ్యి పక్కన నిలబడ్డట్టు ఉంది. ర్యాంపు అడుగున సైకిల్ నిలబెట్టి చూపించాను. "ఇదిగో ఈ చెయ్యి, ఇవిగో పుల్లలు. మధ్యలో సందు కనబడుతోందా? నేను తొక్కుతున్నంతసేపూ ఆ సందు ఉండాలి. పోతే చెప్పాలి."

"అంతే గదా," అంది. చెప్పులు విప్పి ఒక చేత్తో పట్టుకుంది. ఇంకో చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు దోపుకుంది.

ఆ వయసులో ఆ ర్యాంపు నాకు కొండే. పెద్ద బిళ్ళ వేసి తొక్కుతుంటే మనిషి నడకకంటే వేగం ఉండదు. నా రొప్పు నాకే వినబడుతోంది, ఇంకేమీ వినబడటంలేదు. పక్కన ఓబులమ్మ వంగి, సందు మీంచి చూపు తిప్పకుండా, చేలో గట్టు మీద నడిచినట్టు నడుస్తోంది. ఒక్క మాట లేదు. మలుపు దగ్గర ఏటవాలు ఎక్కువవుతుంది. అక్కడ, "ఆపు అన్నా. తగల్తాండాది," అంది.

దిగి చూశాను. పుల్ల మీద వెంట్రుకంత గీత. నేను ఒక్కణ్ణే తొక్కి ఉంటే నాకు తెలిసేదే కాదు. కిందికి దిగి, మరమేకును కొంచెం తిప్పి, మళ్ళీ ఎక్కాం. ఈసారి పైదాకా తగల్లేదు. గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నాను. ఆమెకు చెమట పట్టింది గాని ఆయాసం లేదు.

"మీరు బాగా ఎక్కుతారే."

"కట్టెలకు కొండకు పోతాంటిమి గదా చిన్నప్పుడు. ఎక్కేటప్పుడు మాట్లాడితే అయిపోతాది ఊపిరి."

"సరే, ఖలాస్ అండి. తీసుకెళ్ళండి."

"ఖలాస్ గాదు," అంది. "నువ్వు కూచోని తొక్కినావు. పాప అట్ల తొక్కదు. ఎత్తు కాడ లేసి నిలబడి తొక్కుతాది, ఇట్ల ఇట్ల ఊగుతా. కార్లో నీళ్ళు పట్టుకోని ఎనక పోతాంటా గదా, సూసినా."

చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది, పాఠాలేమో వంటావిడ చెబుతోంది. నెస్టర్ ఉంటే ఏం చేసేవాడని ఒక్క క్షణం ఆలోచించాను. కోపం దిగిపోయింది. మళ్ళీ అడుగుకు వెళ్ళి, సీటు మీంచి లేచి, ఆ పిల్ల ఊగినట్టే ఊగుతూ తొక్కాను. మలుపు దగ్గర ఓబులమ్మ చెయ్యెత్తింది. మళ్ళీ తగిలింది. ఇంకొంచెం మేకు తిప్పాను, డీరేలర్‌ను లాగే తీగ కొంచెం సడలించాను. మళ్ళీ నిలబడి ఎక్కాను. ఈసారి ఆమె మలుపు దాటింది, పైదాకా వచ్చింది, నడుము నిటారుగా చేసి నిలబడింది.

"సందు ఉండాది," అంది.

సైకిల్ కిందికి దించాక వెనక చక్రానికి చెయ్యి తగిలించి కళ్ళకద్దుకుంది. కారు వెళ్ళిపోయాక అబూ తలాల్ నాకు ఒక చాయ్ పోసి ఇచ్చాడు. నెస్టర్ సెలవు మీద వెళ్తే ఇంకో నెస్టర్ దొరికిందన్నమాట నీకు అన్నాడు. అవునన్నాను.

ఆ ఆదివారం

పందెం శనివారం. ఆ రోజంతా నా మనసు మనసులో లేదు. ఇంతకుముందు బిగించిన ఏ చక్రం గురించీ అంత కంగారు పడలేదు. మూత ఇంకొంచెం బిగించాల్సిందేమో, విమానంలో పెట్టెలు విసిరేసినప్పుడు డీరేలర్ వంగిందేమో అని పదే పదే అదే. ఎవరి నంబరూ నా దగ్గర లేదు. ఆ పిల్ల మధ్యలో దిగితే ఓబులమ్మ మాటకు ఆ ఇంట్లో ఇక విలువ ఉండదు. ఆ పిల్లకు సైకిల్ ఉండదు. నేను మాత్రం సోమవారం ఇంకో చక్రం బిగించుకుంటూ ఉంటాను. మన పనిలో ఉన్న బాధ ఇదే. మనం బిగించింది ఎక్కడో తిరుగుతుంది, మనం ఇక్కడ ఉంటాం.

ఆదివారం మధ్యాహ్నం ఆ కారు మళ్ళీ వచ్చింది. ఓబులమ్మ ఒక్కతే దిగింది. మొహం చూస్తే ఏమీ తెలియడంలేదు. వచ్చి బల్ల ముందు నిలబడి, ఫోన్ తీసి, అందులో వచ్చిన వాయిస్ మెసేజ్ నొక్కింది.

గాలి హోరు. దాని వెనక ఒక ఆడపిల్ల గొంతు, రొప్పుతూ. అరబ్బీలో ఉంటుందనుకున్నాను. అచ్చం కడప మాట.

"ఓబమ్మా, ఎక్కినా. యాడా దిగలా. కాళ్ళు పీకుతాండాయి. ఈడ అంతా మేకలు ఉండాయి ఓబమ్మా, నువ్వు చెప్తాంటివే, మీ కొండకాడ, అట్ల. గాలి నెట్టేస్తాండాది. నాకు ఆకలైతాంది."

అంతే ఉంది. ఆ పిల్లకు తెలుగు ఎలా వచ్చిందని ఓబులమ్మను అడిగాను. నేర్పాలని నేర్పలేదట. ఎత్తుకున్నప్పుడు తన మాటలే మాట్లాడిందట, పిల్లకు అవే వచ్చాయట.

"ఫస్టు నాకే పంపింది అన్నా. మామాకు తెలుగు రాదు గదా. పాప గొంతు ఇని వంటింట్లోకి వచ్చి, నా కూతురు ఏమంటాంది ఓబులమ్మా అని నన్నడిగె. ఎక్కిందంట మామా, యాడా దిగలేదంట అని చెప్పినా. మళ్ళ చెప్పమనె. మళ్ళ చెప్పినా. ఆయమ్మ నా చెయ్యి పట్టుకోని ఆడనే నిలబడె, కూర మాడుతాన్నా వదల్లా."

ఇంకోసారి వినిపించమని అడిగాను. వినిపించింది. మేకల గురించి ఉంది, గాలి గురించి ఉంది, ఆకలి గురించి ఉంది. చక్రం గురించి గాని, గేర్ల గురించి గాని, మా షాపు గురించి గాని ఒక్క ముక్క లేదు. కొండ మీద అంతసేపూ ఆ పిల్లకు సైకిల్ అన్నదొకటి కింద ఉందన్న సంగతే గుర్తు రాలేదు. ఈ పనిలోకి వెళుతున్న మీకు నేను చెప్పగలిగిన గొప్ప సంగతి ఇదొక్కటే. ఇంతకంటే పెద్ద మెప్పు నాకు ఆ ఉద్యోగంలో ఎన్నడూ రాలేదు. ఓబులమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉంటే, నేను కళ్ళు తుడుచుకోవడానికి గ్రీజు అంటని గుడ్డ కోసం బల్లంతా వెతుక్కున్నాను.